నల్లగొండలో ముక్కు ఆపరేషన్: సర్జన్‌కి ఫుల్ మార్కులు, ఇంటికి పంపిన తీరుకి పాస్ మార్కులు కూడా కష్టమే

ముక్కు ఆపరేషన్ నల్లగొండలోనే చేయించుకుందామా, హైదరాబాద్ పోదామా అని ఊగిసలాడే వాళ్ల కోసం ఈ రివ్యూ. ముందే తీర్పు చెప్పేస్తా, తీరిక లేనివాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. ఆపరేషన్ కోసమైతే హైదరాబాద్ దాకా పోవాల్సిన పని లేదు, నాకు చేసిన డాక్టర్ పనితనంలో వంక పెట్టడానికి ఏమీ కనపడలేదు. కానీ ఇంటికి పంపేటప్పుడు పేషెంటుకి ఏం చెప్పి పంపాలో ఈ ఆసుపత్రికి ఇంకా తెలియదు. ముక్కు, చెవి, గొంతు ఆపరేషన్లలో థియేటర్ పని గంటో గంటన్నరో, మిగతా పనంతా ఇంట్లో మన చేతుల మీదుగా నడుస్తుంది కాబట్టి నా లెక్కలో ఆ లోటు చాలా పెద్దది. ఆసుపత్రి పేరు రాయడం లేదు. ఇక్కడ రాసిన మంచీ చెడూ చాలా చోట్ల ఉండేవే, మీరు ఎక్కడికి పోయినా అడగడానికి పనికొస్తాయి.

నా సంగతి కొంచెం. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. ఆఫీసు గది వేరేగా ఉన్నా ఊక ధూళి, తౌడు పొడి తలుపులు చూసి ఆగవు కదా. ఎడమ ముక్కు ఏళ్ల తరబడి దిబ్బడే, రాత్రి నోరు తెరిచి పడుకోవడం, పొద్దున లేచేసరికి గొంతు ఎండిపోయి ఉండటం, గురక గురించి ఇంట్లోవాళ్లు చెప్పేది వేరే కథ. మా మిల్లులో సగం మంది జేబుల్లో ముక్కు చుక్కల సీసా ఉంటుంది. జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ రకం చుక్కలు ఇవి, వేసిన రెండు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది, స్వర్గంలా ఉంటుంది, కానీ వరసగా నాలుగైదు రోజులు మించి వాడితే మందు దిగగానే ముక్కు మునుపటికంటే గట్టిగా మూసుకుంటుంది. అప్పుడు మళ్లీ చుక్కలు, మళ్లీ దిబ్బడ, అట్లా సీసా వదలని వాళ్లు చాలామంది. ఈ ముక్క మెడికల్ షాపులో ఎవరూ చెప్పరు. మొదటిసారి డాక్టర్ దగ్గర కూర్చున్నప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్నే "చుక్కలు ఎంత కాలం నుంచి వేస్తున్నారు?" అని. అప్పుడే ఈయనకి విషయం తెలుసు అనిపించింది.

ఓపీ గురించి మాత్రం మంచి మాట రాయలేను. టోకెన్ తీసుకున్నాక ఎప్పుడు పిలుస్తారో దేవుడికే తెలియాలి, సంతలాగా జనం, దేవరకొండ వైపు నుంచి వచ్చినవాళ్లు, నకిరేకల్ వాళ్లు, హాలియా వాళ్లు, అందరూ ఒకటే బెంచీల మీద. కుర్చీలు చాలవు. కానీ లోపలికి పోయాక డాక్టర్ తొందరపెట్టడు, అది నిజంగా మెచ్చుకోవాలి. చూడగానే ఆపరేషన్ అనలేదు. ముందు స్టెరాయిడ్ స్ప్రే, ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం, ఎలర్జీ మాత్ర ఇచ్చి కొన్ని నెలలు చూశాడు. తగ్గకపోతేనే సీటీ స్కాన్ రాశాడు. ఆ స్కాన్ కంప్యూటర్‌లో చూపిస్తూ ముక్కు దూలం, అంటే రెండు రంధ్రాల మధ్య గోడ, ఎడమకి ఎట్లా వంగిందో, అది వంగినందుకు కుడివైపు టర్బినేట్ అనే కండ ఎట్లా ఉబ్బిందో, సైనస్‌ల దారిలో రెండు వైపులా చిన్న కండలు, అంటే పాలిప్స్, ఎక్కడ పెరిగాయో అర్థమయ్యేలా చెప్పాడు. ఇంకో మాట కూడా ఆయనే ముందుగా చెప్పాడు. "ఆపరేషన్‌తో దారి బాగవుతుంది గానీ మీ ఎలర్జీ పోదు, స్ప్రే ఆపేస్తే కండలు మళ్లీ పెరగొచ్చు" అని. ఆపరేషన్ అమ్ముకునేవాడు ఆ మాట అనడు.

ఇక ఆపరేషన్‌కి ముందు తయారీ. రక్త పరీక్షలు, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, తర్వాత మత్తు డాక్టర్ దగ్గర చెకప్. ఈ మత్తు డాక్టర్ చెకప్‌ని చాలామంది సంతకం కోసం పోయే పనిలా చూస్తారు, అది తప్పు, అక్కడే అన్నీ చెప్పాలి. బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు, గుండె కోసం వేసుకునే ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబడే మందులు, ఆస్తమా ఉందా, కదిలే పళ్లున్నాయా, సిగరెట్, మందు, కల్లు అలవాట్లు, ఇంతకుముందు ఎప్పుడైనా మత్తుమందు పడక ఇబ్బంది అయ్యిందా, ఏదీ దాచొద్దు. పాలిప్స్ ఉన్నవాళ్లలో కొందరికి ఆస్తమాతో పాటు ఆస్పిరిన్ పడకపోవడం కూడా ఉంటుంది, అందుకే నొప్పి మాత్ర వేసుకుంటే ఎప్పుడైనా ఆయాసం వచ్చిందా అని నన్ను గుచ్చి గుచ్చి అడిగారు. ఆస్పిరిన్ వాడేవాళ్లు సొంతంగా ఆపేయకండి, సొంతంగా కొనసాగించకండి కూడా, అది రాసిన డాక్టర్, మత్తు డాక్టర్ ఇద్దరూ మాట్లాడుకుని చెప్పాల్సిన విషయం. తిండి విషయంలో మామూలు నియమం ఘనపదార్థాలు ఆరు గంటల ముందు ఆపాలి, మంచినీళ్లు రెండు గంటల ముందు దాకా తాగొచ్చు. కానీ ఇక్కడ "రాత్రి పది తర్వాత ఏమీ వద్దు" అని అందరికీ ఒకటే మాట చెప్పి పంపారు. పొద్దున మొదటి కేసు వాళ్లకి సరే, మధ్యాహ్నం కేసు వాళ్లు గొంతు తడి లేకుండా కూర్చున్నారు పాపం. మీ వంతు ఎప్పుడో అడిగి, నీళ్లు ఎప్పటిదాకా తాగొచ్చో మత్తు డాక్టర్‌నే అడగండి.

అన్నీ చెప్పినవాళ్లు మీసం సంగతి చెప్పలేదు! ఆపరేషన్ రోజు పొద్దున వార్డ్ బాయ్ రేజర్ పట్టుకొచ్చి నిలబడ్డాడు. ముక్కు కింద పట్టీ అతికించాలి, రక్తం, చీమిడి మీసంలో అంటుకుంటే శుభ్రం చేయడం కష్టం, అందుకని తీసేస్తారట. కారణం సబబే. కానీ మా వైపు తండ్రి ఉండగా మీసం తీయడం అంటే ఎంత పట్టింపో తెలిసిందే కదా. మా అమ్మ అక్కడే "మీ నాయిన బతికుండంగ మీసం తీస్తవారా" అని గొడవ పెట్టుకుంది. చివరికి మా నాన్నకే ఫోన్ చేసి మాట్లాడిస్తే, ఆయన "ముక్కు బాగైతే మీసం అదే వస్తది, తీయనియ్యి" అన్నాడు. ముందురోజు ఒక్క మాట చెప్పి ఉంటే ఇంట్లో మాట్లాడుకుని వచ్చేవాళ్లం. కొందరు డాక్టర్లు కత్తిరిస్తే చాలంటారు, కాబట్టి ఈ విషయం ముందే అడగండి, నవ్వులాటకి కాదు చెప్తున్నది.

డబ్బుల గురించి. ప్యాకేజీ అని ఒక అంకె చెప్తారు, అందులో ఏముందో కాగితం మీద రాయించుకోండి. కండలు కోసి పీల్చేసే మెషీన్‌కి మైక్రోడీబ్రైడర్ అంటారు, దాని బ్లేడ్ ఒక్కసారి వాడేది, ఖరీదైనది, నా బిల్లులో అది విడిగా వచ్చింది. ముక్కులో పెట్టే స్పాంజి ప్యాక్‌లు, దూలం పక్కన పెట్టే సిలికాన్ స్ప్లింట్లు, మత్తు డాక్టర్ ఫీజు, తీసిన కండని బయాప్సీకి పంపే ఖర్చు, తర్వాత ఎండోస్కోపీతో ముక్కు శుభ్రం చేసే విజిట్లు, వీటిలో ఏవి లోపల, ఏవి బయట అని అడిగితే కౌంటర్ అమ్మాయి మొహం మాడ్చుకుంది గానీ చెప్పింది. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. చాలా పాలసీల్లో సైనస్, టాన్సిల్స్, ముక్కు దూలం లాంటి వాటికి మొదటి 24 నెలలు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, నిన్న పాలసీ తీసుకుని ఈరోజు క్లెయిమ్ అంటే కుదరదు. ఆరోగ్యశ్రీ వాళ్లయితే 2023 డిసెంబర్‌లో పరిమితి 10 లక్షలకి పెంచారు, అది అందరికీ తెలుసు, కానీ పరిమితి ఎంతన్నది కాదు ప్రశ్న, మీ ఆపరేషన్ ఆ ఆసుపత్రిలో ఆ పథకం కింద చేస్తారా లేదా అన్నది. అది డాక్టర్‌ని కాదు, ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రని అడగాలి.

ఆపరేషన్ రోజు నాకు గుర్తున్నది తక్కువే, అది మంచిదే. మెలకువ వచ్చేసరికి రెండు ముక్కుల్లోనూ ప్యాక్‌లు బిగించి ఉన్నాయి. నొప్పి అనుకున్నంత లేదు, నిజం చెప్పాలంటే నొప్పి కంటే ఊపిరాడనట్టు ఉండే టెన్షన్ ఎక్కువ. నోటితోనే పీల్చాలి, గుటక వేసినప్పుడల్లా చెవులు లోపలికి లాగేసినట్టు అవుతాయి, ఏది తిన్నా రుచి ఉండదు. సాయంత్రం ఒకసారి నల్లగా వాంతి అయ్యింది. మా ఆవిడ అరిచిన అరుపుకి పక్క వార్డు వాళ్లు కూడా వచ్చారు. ఆపరేషన్‌లో మింగిన రక్తం కడుపులోంచి అట్లా బయటికొస్తుందని, ఒకసారి అయితే భయం లేదని, ఎర్రగా మళ్లీ మళ్లీ అయితేనే పిలవమని ఆ నైట్ డ్యూటీ సిస్టర్ చెప్పాక గానీ అందరూ కుదుటపడలేదు.

ఈ సిస్టర్ గురించి ప్రత్యేకంగా రాయాలి. నల్లగొండ యాసలో గలగలా మాట్లాడుతుంది, పని మాత్రం చకచకా. తల కింద రెండు మెత్తలు పెట్టించింది, నోటి మీద తడి గాజుగుడ్డ వేసింది, పెదాలకి వాజిలీన్ రాయమంది. ఈ మూడింటి వల్ల రాత్రి గడిచింది, లేకపోతే నోరు ఎండి పిచ్చెక్కేది. "తుమ్ము వస్తే ఆపకన్నా, నోరు పెద్దగ తెర్చి తుమ్ము, ముక్కు చీదినవో మళ్లీ రక్తమే" అని చేతులు ఊపుతూ చూపించింది. డిశ్చార్జ్ రోజు డాక్టర్ పక్కన నిలబడిన వాళ్లెవరూ అంత స్పష్టంగా చెప్పలేదు.

ప్యాక్‌లు తీయడం, దాని గురించి జనం భయపెట్టినంత ఉందా అంటే ఉంది, అబద్ధం చెప్పను, కానీ ఒక్కో ముక్కుకి కొన్ని సెకన్లే. స్పాంజి రకం ప్యాక్‌లు మామూలుగా 24 నుంచి 48 గంటల్లో తీస్తారు. తీసే అరగంట ముందు నొప్పి మాత్ర ఇచ్చారు, ప్యాక్‌ని సెలైన్‌తో బాగా తడిపి, మెల్లగా లాగారు. కళ్లమ్మట నీళ్లు ధారగా కారాయి, వెంటనే కొంత రక్తం, ఐస్ పెట్టి కాసేపు కూర్చోబెట్టారు. ఖాళీ కడుపుతో ఉండొద్దు, గబుక్కున లేవొద్దు, కొందరికి కళ్లు తిరిగి పడిపోతారట. తీయగానే రెండు ముక్కుల్లోంచి గాలి పోయింది చూడండి, ఎంత సంతోషమో. ఆ సంతోషం సాయంత్రానికి పోయింది, లోపల వాచి మళ్లీ మూసుకుపోయింది. అది మామూలేనని, రెండు మూడు వారాలు అట్లాగే ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఆపరేషన్ ఫెయిలైందేమో అని మూడు పూటలా అదే ఆలోచన.

ఇప్పుడు అసలు కంప్లయింటుకి వస్తున్నా. డిశ్చార్జ్ కాగితం మీద మందుల పేర్లు, పక్కన బీడీ (రోజుకి రెండుసార్లు), టీడీఎస్ (మూడుసార్లు) అని డాక్టర్ల భాష, కింద "నేసల్ డౌచింగ్", అంటే ముక్కు కడుక్కోవడం, అని ఒక్క మాట, మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ. అంతే! ఏ నీళ్లతో కడగాలి, ఎట్లా కడగాలి, ఏది మామూలు, ఏది ప్రమాదం, ఏదీ లేదు. మందుల షాపు కుర్రాడు ముక్కు కడిగే ప్లాస్టిక్ సీసా, ఉప్పు ప్యాకెట్ల డబ్బా చేతిలో పెట్టి "నీళ్లలో కలిపి కొట్టుకోండన్నా" అన్నాడు.

ఏ నీళ్లు? మా జిల్లా వాళ్లకి నీళ్లంటే ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడే, బోరు నీళ్లు వద్దని చిన్నప్పటి నుంచి విన్నాం, అందుకే క్యాన్ నీళ్లు లేదా ఆర్వో నీళ్లు అంటే శుద్ధమైనవని గట్టి నమ్మకం. కానీ ముక్కులోకి పోసేటప్పుడు భయం ఫ్లోరైడ్ కాదు, క్రిములు. ఆర్వో ఫ్లోరైడ్‌ని తగ్గిస్తుంది గానీ ఆ క్యాన్ ఎట్లా కడిగారో, నీళ్లు ఎన్ని రోజులు నిలవున్నాయో మనకి తెలియదు. తాగితే కడుపులో చచ్చిపోయే సూక్ష్మజీవులు కూడా ముక్కు పైభాగానికి పోతే చాలా అరుదుగా అయినా మెదడు దాకా పోగలవు, కేరళలో మెదడు తినే అమీబా కేసులని వార్తల్లో వచ్చినవి అట్లాంటివే. కాబట్టి డిస్టిల్డ్ వాటర్ అయినా వాడాలి, లేదా ఏ నీళ్లయినా ఒక నిమిషం పాటు తెర్లనిచ్చి, మూతపెట్టి, గోరువెచ్చగా చల్లారాక వాడాలి. అప్పుడే ఆపరేషన్ అయిన పచ్చి ముక్కు, దానికి ఈ జాగ్రత్త తప్పదు. ఈ రెండు వాక్యాలు డిశ్చార్జ్ కాగితం మీద అచ్చు వేయడానికి ఎంత ఖర్చవుతుంది?

సీసా మాత్రం మంచి వస్తువు. పిసికితే నీళ్లు పోయే రకం, పావు లీటరుకి కాస్త తక్కువ పడుతుంది, ప్యాకెట్‌లో ఉప్పూ వంటసోడా కొలత ప్రకారం ఉంటాయి కాబట్టి మంట పుట్టదు. ఉత్త నీళ్లు పోశారో, నషాళానికి అంటుతుంది. సింక్ మీదకి ముందుకి వంగి, నోరు తెరిచి, నోటితో ఊపిరి పీలుస్తూ మెల్లగా పిసకాలి, ఒక ముక్కులోంచి పోసింది ఇంకో ముక్కులోంచి వస్తుంది. మొదటి రోజుల్లో రెండోవైపు ఏమీ రాదు, దారి మూసుకుని ఉంటుంది, గట్టిగా పిసకొద్దు. తర్వాత నల్లటి గడ్డలు, పక్కులు, జిగురు అన్నీ వస్తాయి, చూడటానికి బాగుండదు గానీ అవి వచ్చినప్పుడల్లా లోపల ఇల్లు ఊడ్చినంత హాయి. సీసాని ప్రతిసారీ కడిగి ఆరబెట్టాలి. మూత రబ్బరు కొంచెం నాసిరకం, త్వరగా వదులైంది, అందుకని సీసాకి ఒక స్టార్ తగ్గిస్తున్నా.

ఇక్కడ ఒక విషయం తెలియక నేనూ మా ఆవిడా హడలిపోయాం. ముక్కు కడిగిన గంట తర్వాత చెప్పులు వేసుకుందామని వంగితే ముక్కులోంచి నీళ్లు బొటబొటా కారాయి. సైనస్‌లో నిలిచిన కడిగిన నీళ్లు అట్లా వస్తాయట, మామూలే. కానీ ఇదే ఆపరేషన్‌లో అరుదుగా మెదడు చుట్టూ ఉండే నీరు లీకయ్యే ప్రమాదం కూడా ఉంటుంది. అదీ నీళ్లలాగే ఉంటుంది, ఎక్కువగా ఒక వైపు నుంచే, ఉప్పగా, కడగకపోయినా కారుతూ ఉంటుంది, వంగితే ఎక్కువవుతుంది. అది అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా పోవాల్సిందే. అట్లాగే కన్ను వాచడం, చూపు మసకబారడం, రెండుగా కనపడటం, విపరీతమైన తలనొప్పితో జ్వరం, మెడ పట్టేయడం, ఆగని రక్తం, ఇవన్నీ రేపు చూద్దాం అనుకునేవి కావు. సైనస్‌కి, కంటికి, మెదడుకి మధ్య ఎముక చాలా పలచన అని తర్వాతి విజిట్‌లో డాక్టర్ స్కాన్ మీద చూపించాడు. ఆ బొమ్మ డిశ్చార్జ్ రోజు చూపించి ఉంటే ఎంత బాగుండేది.

రక్తం విషయంలో ఫోన్ కథ చెప్పాలి. పక్కులు ఊడే సమయానికి, అంటే మామూలుగా మొదటి వారం దాటాక, కొంత రక్తం రావడం ఉంటుంది. ఒక రాత్రి అట్లా మొదలైంది. కాగితం మీద ఉన్న నంబర్ రిసెప్షన్‌ది, ఎంత మోగినా ఎత్తినవాళ్లు లేరు. రాత్రి ఫోన్ ఎత్తని ఆసుపత్రి ఎమర్జెన్సీ నంబర్ అని ఎందుకు రాస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ సిస్టర్ చెప్పినవే గుర్తు చేసుకుని, నిటారుగా కూర్చుని, తల కొంచెం ముందుకి వంచి, గొంతులోకి వచ్చినది మింగకుండా ఉమ్మేస్తూ, ఐస్ పెట్టుకుంటే కాసేపటికి ఆగింది. తల వెనక్కి వాల్చమని ఇంట్లో అందరూ అంటారు, వినకండి, రక్తం కడుపులోకి పోవడం తప్ప లాభం లేదు. ఆగకపోతే ఏదో ఒక పెద్దాసుపత్రి క్యాజువాల్టీకి పోవడమే. నల్లగొండలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా నడుస్తోంది, రాత్రిపూట జిల్లా కేంద్రంలో దిక్కులేదు అనుకునే రోజులు పోయాయి.

ఇంట్లో పథ్యం గురించి మా వైపు ఒక్కొక్కరిది ఒక్కో మాట. పెరుగు వద్దు, గుడ్డు వద్దు, చల్లవి వద్దు, పుల్లవి వద్దు. డాక్టర్ చెప్పింది మాత్రం మొదటి కొన్ని రోజులు వేడి వేడివి, బాగా కారం వద్దు, మెత్తగా ఉన్నవి తినండి, నీళ్లు బాగా తాగండి, అంతే. వేడికి రక్తనాళాలు ఉబ్బుతాయి, కారానికి ముక్కు కారి తుమ్ములొస్తాయి. నేను జొన్న గటక, మజ్జిగ, పెసరపప్పు కిచిడీ మీద బతికాను. చూడటానికి వచ్చిన చుట్టాలు నాటుకోడి కూర తెచ్చి, నా ముందే తిని పోయారు. మా అమ్మ వేడినీళ్లలో జిందా తిలిస్మాత్ చుక్కలు వేసి ఆవిరి పట్టమని రోజూ పోరు. 1920 నుంచి హైదరాబాద్‌లో తయారవుతున్న ఆ సీసా మీద ఆమెకున్న నమ్మకం ఏ ఎండీ మీదా లేదు. సర్దికి అదేమో గానీ పచ్చి పుండు మీద ఆవిరి, ఘాటు మందులు డాక్టర్ సరే అనేదాకా వద్దు. మలబద్ధకం రాకుండా చూసుకోవాలి, ముక్కితే కూడా ముక్కులో ఒత్తిడే. బరువులు ఎత్తడం, వంగి పని, జిమ్ము రెండు వారాలు బంద్. బైక్ కూడా వద్దనే చెప్తా, హెల్మెట్ తొడిగేటప్పుడు ముక్కుకి రాసుకుంటుంది, దుమ్ము సరేసరి, అద్దంకి-నార్కట్‌పల్లి రోడ్డు మీద లారీల వెనక పోతే ఎంత మాస్క్ ఉన్నా ఆ పొగ లోపలికే.

మిల్లు పనివాళ్లు, పత్తి జిన్నింగ్‌లో పనిచేసేవాళ్లు, సిమెంటు ఫ్యాక్టరీల వాళ్లు, మన జిల్లాలో తక్కువేం లేరు, వాళ్లు ఆపరేషన్ తేదీ సీజన్ చూసి పెట్టుకోండి. వానాకాలం వడ్లు దిగాక సెలవు దొరకదు, దొరక్క దుమ్ములోకి పోతే ఆపరేషన్ చేయించుకున్న ఫలం సగం పోతుంది. నేను వడ్లు రాకముందే చేయించుకున్నా, తిరిగి పనికి పోయాక ఎన్-95 మాస్క్ లేకుండా గోదాంలో అడుగు పెట్టడం లేదు.

ఫాలోఅప్‌కి వస్తే మళ్లీ మంచి మార్కులే వేయాలి. సిలికాన్ స్ప్లింట్లు తీసినప్పుడు ప్యాక్‌లంత బాధ లేదు. తర్వాత ప్రతి విజిట్‌లో ఎండోస్కోప్ పెట్టి పక్కులన్నీ సక్షన్‌తో తీసి, టీవీలో చూపిస్తూ ఇక్కడ మానింది, ఇక్కడ ఇంకా వాపు ఉంది అని చెప్పాడు. కొందరు బాగయింది కదా అని ఈ విజిట్లు ఎగ్గొడతారు, లోపల పక్కులు పేరుకుని దూలానికీ పక్క గోడకీ అతుకు పడితే మళ్లీ మొదటికే. స్ప్రే ఎట్లా కొట్టాలో కూడా అప్పుడే నేర్పాడు. కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో, మొన దూలం వైపు కాకుండా కంటి బయటి మూల వైపు ఉండాలి. దూలానికి కొడితే పుండై రక్తం వస్తుంది. బయాప్సీ రిపోర్ట్ అడిగి తీసుకోండి, ఒక్క వైపే కండ ఉన్నవాళ్లయితే అసలు వదలొద్దు.

వార్డులో చూసిన వేరే కేసుల గురించి కొంచెం, ఎందుకంటే అందరిదీ ముక్కు కాదు. దేవరకొండ నుంచి వచ్చిన ఒక తల్లి, పిల్లాడికి టాన్సిల్స్ తీయించింది. మొదటి రోజు బాగానే ఉన్న పిల్లాడు తర్వాత చెవి నొప్పి అని ఏడుస్తున్నాడని ఆమె భయం. గొంతు నరమే చెవికీ పోతుంది కాబట్టి నొప్పి అక్కడ తెలుస్తుందట. గొంతులో తెల్లగా కనపడేది చీము కాదు, మానేటప్పుడు కట్టే పొర, అయిదు నుంచి పది రోజుల మధ్య అది ఊడేటప్పుడు రక్తం వస్తే మాత్రం ఎంత కొంచెమైనా ఆసుపత్రికి రావాలి. పిల్లలు నొప్పికి మింగరు, మింగకపోతే గొంతు ఎండి నొప్పి ఎక్కువవుతుంది, కాబట్టి మందు వేళకి వేసి ఏదో ఒకటి తాగిస్తూ ఉండటమే పని. ఇంకొకాయన కర్ణభేరికి రంధ్రం, చెవి వెనక కోసి పొర తీసి అతుకు వేశారు. ఆయనకి చెవిలో చుక్క నీరు పోకూడదు, తలస్నానం అంటే దూదికి వాజిలీన్ పట్టించి చెవిలో పెట్టుకోవాల్సిందే, ముక్కు చీదడం ఆయనకీ నిషేధమే, గాలి వెనక నుంచి పోయి అతుకుని లేపేస్తుంది. ఊళ్లో ఈత బావి ఉందని, ఎప్పుడు దూకొచ్చని అడుగుతున్నాడు, డాక్టర్ నవ్వలేదు.

హైదరాబాద్ ఎందుకు వద్దన్నానంటే, ఇదే ఫాలోఅప్ కోసం. కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, చెవి లోపలి పెద్ద కేసులు, క్యాన్సర్ లాంటివి అక్కడికో పెద్ద కాలేజీ ఆసుపత్రికో పోవాల్సిందే, డబ్బు లేనివాళ్లకి అదే దారి కూడా. కానీ దూలం, సైనస్, టాన్సిల్స్ లాంటివాటికి నల్లగొండ నుంచి వంద కిలోమీటర్లు బస్సులో కుదుపుల మధ్య ముక్కు పట్టుకుని పోయి, పక్కులు తీయించుకుని, మళ్లీ రావడం నరకం. రక్తం వచ్చిన రాత్రి డాక్టర్ మన ఊరికి గంట దూరంలో ఉండటానికీ, మూడు గంటల దూరంలో ఉండటానికీ తేడా ఉంటుంది. ఫోన్ ఎత్తితే.

చివరి విజిట్‌లో డాక్టర్ సార్‌కి ఇవన్నీ చెప్పాను, మర్యాదగానే. ఫోన్ గురించి ఆయనకే తెలియదట, కౌంటర్ వాళ్లని పిలిచి అడిగాడు. డిశ్చార్జ్ కాగితం గురించి "తెలుగులో ఒక పేజీ వేయిద్దాం" అన్నాడు. వేశారో లేదో తెలియదు, మా బావమరిదికి చెవి ఆపరేషన్ తేదీ ఇదే ఆసుపత్రిలో పడింది, వాడికి ఇచ్చే కాగితం చూశాక కింద అప్‌డేట్ రాస్తా. కార్లో వచ్చేవాళ్లకి ఒక మాట, ఆసుపత్రి ముందు పార్కింగ్ లేదు, పక్క సందులో పెడితే ఇంటి ఓనర్ గాలి తీసేస్తాడు.